విమానానికి కొమ్ములెందుకు

గుడివాడ,
4 నవంబర్ 2024.

శ్రీలలితా,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు పంపిన విమానం బొమ్మా అందింది. మీ అత్తయ్య చూసి, "బావుందండీ, అప్పుడే కొమ్ములు మొలుస్తున్న దూడలా ఉంది" అంది. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. తప్పు కళ్లజోడుది కాదు.

అవనిగడ్డలో మీ అమ్మ వాటాకి వచ్చిన గోడౌన్‌లో నువ్వు ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నావని ఎప్పటినుంచో వింటున్నాను. హైదరాబాద్ వెళ్లి ఎగరడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నావనీ విన్నాను. బందరు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే పిల్ల, శనాదివారాలు ఊరికే కూర్చోకుండా ఏదో చేసుకుంటోందిలే అని ఊరుకున్నాను. ఇప్పుడేమో "ఎయిర్‌ఫోర్స్‌లో పాతికేళ్లు విమానాల రెక్కలు బాగుచేసినవారు మీరు. మొదటిసారి ఎగిరేముందు వచ్చి చేత్తో తడిమి చూడండి మావయ్యా, మీరు సరే అంటేనే ఎగురుతాను" అని రాశావు. అక్కడిదాకా బుద్ధిగానే రాశావు. ఆ కింది వాక్యంలోనే రెక్క చివర్లు పైకి లేపి కొమ్ములు పెడుతున్నానన్నావు. వింగ్‌లెట్లట. పెద్ద జెట్ విమానాలకి ఉన్నాయి కదా అని నీకూ కావాలన్నమాట. పెళ్లికొడుకుని చూసి తోడుపెళ్లికొడుకు కూడా బాసికం కట్టుకున్నట్టుంది.

రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. చివరికొచ్చేసరికి కింది గాలి, గట్టు తెగిన చేలో నీళ్లలా, పైకి పొర్లి సుడి తిరుగుతుంది. ఆ సుడి విమానాన్ని వెనక్కి లాగుతుంది. కొమ్ము పెడితే ఆ లాగుడు కొంత తగ్గుతుంది. నిజమే, కాదనను. కానీ ఆ లాగుడు ఎక్కువగా ఉండేది విమానం నెమ్మదిగా, ముక్కెత్తి పైకి ఎక్కేటప్పుడు. నీ బుల్లి విమానం తిన్నగా వేగంగా పోయేటప్పుడు దాన్ని పట్టి ఆపేది ఒంటికి రాసుకుపోయే గాలి. కొమ్ములు పెడితే ఆ ఒళ్లు ఇంకా పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. జెట్ సంగతి వేరు. అది పలచటి గాలిలో గంటల తరబడి పోవాలి. పైగా విమానాశ్రయంలో ఒక్కోదానికి నిలబడే చోటు ఇంతే అని కొలిచి ఇస్తారు. రెక్క పొడుగు పెంచడానికి జాగా లేక పైకి వంచుతారు. నాగాయలంక దాకా పోయి కాఫీ తాగి తిరిగొచ్చే నీకు ఆ గతి ఏం పట్టింది?

నీకు లాభమే కావాలంటే ఆ కొమ్ముల్ని పడుకోబెట్టు. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు రెక్కనే పెంచు. కొమ్ము ఇచ్చేదానికంటే ఎక్కువ ఇస్తుంది. ఆ కొమ్ములు ఉన్నంతకాలం నేను అవనిగడ్డ గడప తొక్కను. నలుగురూ చూసి "ఈయన తడిమిన విమానమేనా ఇది" అనుకుంటే నాకు నామోషీ.

మీ అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయి. నేను అడిగానని చెప్పకు.

శేషాచలం.


మచిలీపట్నం,
15 నవంబర్ 2024.

మావయ్య గారికి, నమస్కారాలు.

ఫోన్ చేద్దామంటే పాతికేళ్లు జెట్ ఇంజన్ల పక్కన నిలబడ్డ మీ చెవులకి నా మాట వినబడదు. ఉత్తరం రాస్తే చదివి మరీ వినిపించుకోరు. అయినా రాస్తున్నాను.

మీరు నా విమానానికి బోలెడు తిట్లు రాశారు కానీ, అది ఎక్కణ్ణుంచి ఎగురుతుందని ఒక్క ముక్క అడగలేదు. కోడూరు అవతల చలపతిరావు గారి ఉప్పు బీడు ఉంది. వరి పండదు, రొయ్యల చెరువుకీ పనికిరాదని వదిలేశారు. ఆయన బాగుచేయించి నాకు ఇచ్చారు. అనుమతి కాగితాలూ వచ్చాయి. గట్టి నేలే, కానీ పొడుగు తక్కువ. దాని చివర రొయ్యల చెరువులు. చెరువుల గట్టు మీద, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లకి వెళ్లే కరెంటు తీగలు. ఎండాకాలంలో, ఇద్దరు కూర్చుంటే, ఆ తీగలు దాటేంత ఎత్తు నా విమానం ఎక్కాలి. నాగాయలంకలో కాఫీ గురించి కాదు నా బాధ. ఎక్కేటప్పుడే కొమ్ము పనికొస్తుందని మీరే ఒప్పుకున్నారు. నాక్కావలసిందీ అదే. మీ ఉత్తరాన్నే మీకు తిప్పి పంపితే సరిపోయేది, స్టాంపు దండగని మానేశాను.

కొమ్ములు గిలకలదిండిలో అమానుల్లా గారు చేస్తున్నారు. చేపల వేటకి ఫైబర్ పడవలు చేసేది ఆయనే. అచ్చు నేనే చెక్కి ఇచ్చాను.

రెక్క పెంచడం కుదరదు. కుదిరితే మీ సలహా దాకా ఆగేదాన్ని కాదు.

ఇంకొకటి. సుధన్వ బావ డ్రోను కట్టినప్పుడు మీరు వీధంతా పిలిచి చూపించారని అత్తయ్య చెప్పింది. అదే నేను మనిషి కూర్చునేది కడితే దూడ, బాసికం, నామోషీ. మీ అబ్బాయి చేస్తే తెలివి, మేనకోడలు చేస్తే వేషమా మావయ్యా?

అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. మీరు అడిగారని నేను చెప్పలేదు. "గుడివాడ నుంచి అడిగారా?" అని తనే అంది. లేదన్నాను. "అడగరులే" అంది.

శ్రీలలిత.


గుడివాడ,
28 నవంబర్ 2024.

శ్రీలలితా,

సుధన్వ డ్రోను మా డాబా మీద లేచి పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకులో పడింది. వీధంతా నేను పిలిస్తే రాలేదు, చప్పుడుకి వచ్చారు. నేను సంతోషించిన మాట నిజం. ఎవరి బుర్రా పగల్లేదని సంతోషించాను. ఆడపిల్లవని నిన్ను తిడుతున్నానని నువ్వు అనుకుంటే, నా దగ్గర పని నేర్చుకున్న మగపిల్లల్ని అడుగు. వాళ్లతో పోలిస్తే నిన్ను ముద్దు చేస్తున్నట్టు లెక్క.

ఇక అమానుల్లా సంగతి. పడవలు బాగా చేస్తాడు, పేరు నేనూ విన్నాను. పడవ చేసేవాడికి బరువంటే భయం ఉండదు. అది నీళ్లలో కూర్చోవాలి, ఒడ్డుకి గుద్దుకున్నా పగలకూడదు. నీది గాలిలో వేలాడాలి. రెక్క చివర బరువు పెడితే ఏమవుతుందో తెలుసా? పొడుగు కర్ర చివర బిందె కట్టి పరిగెత్తు, తెలుస్తుంది. ఊగడం మొదలైతే ఆగదు. ఇదంతా రాసి ఉపయోగం లేదని తెలిసీ రాస్తున్నాను, నేనూ బుద్ధిలేనివాడినే.

తీగల మీదుగా ఎక్కాలన్నావు. అయితే పొడుగు రెక్క నీకు ఇంకా అవసరం. నేను మొదటినుంచీ చెబుతున్నదీ అదే కదా. "కుదరదు" అని ఒక్క మాట రాసి ఊరుకున్నావు. కుదరదంటే ఏమిటమ్మా? చెయ్యనంటున్నావా, చేతకాదంటున్నావా? జాతకాలు కుదరలేదన్నట్టు రాస్తే ఎలా? కారణం రాయి. ఆ కొమ్ములు బొమ్మలో అందంగా ఉన్నాయి, పేపర్లో ఫొటో వేస్తారు, అందుకే పెడుతున్నానని ఒప్పుకుంటే పోలా? అదీ ఒక కారణమే.

ఇక్కడ రోడ్డు తవ్వి వదిలేశారు. బస్టాండు దాకా వెళ్లాలంటే పంచె ఎగ్గట్టాల్సిందే. మీ అత్తయ్య నిన్ను అడిగానని రాయమంది.

అమ్మ కాలికి నువ్వుల నూనె కాచి రాయమను. నా పేరు ఎత్తకు.

శేషాచలం.


మచిలీపట్నం,
9 డిసెంబర్ 2024.

మావయ్య గారికి,

కారణం రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మీ అంతట మీరే అడిగారని గుర్తుపెట్టుకోండి.

ఈ విమానం ప్లాన్‌లోనే రెండు రెక్కలున్నాయి. ఒకటి ఇరవై నాలుగు అడుగులది, రెండోది ఇరవై ఎనిమిది అడుగులది. రెండూ ఒకే ముక్కగా కట్టాలి. చివర నుంచి చివర దాకా ఒకే దూలం, మధ్యలో విప్పడానికి ఉండదు. కట్టేటప్పుడు బల్లల మీద బారుగా పరిచి, నెలల తరబడి కదపకుండా ఉంచాలి. బయట పందిరి వేసి కడితే ఉప్పుగాలికి తుప్పు.

తాతయ్య గోడౌన్ పొడుగు యాభై రెండు అడుగులు. ఇరవై ఎనిమిది అడుగుల రెక్క అందులో హాయిగా కాళ్లు చాపుకుని పడుకునేది. ఇప్పుడు అది రెండు గోడౌన్లు. నడిమి గోడకి ఇవతల అమ్మ వాటా ఇరవై ఆరు అడుగులు. మూలగా పరుద్దామంటే మధ్యలో స్తంభం. ఆ గోడ ఎవరు పట్టుబట్టి కట్టించారో మీకు నేను చెప్పక్కర్లేదు.

మొదటి ఉత్తరంనుంచీ "అటు రెండడుగులు, ఇటు రెండడుగులు" అంటున్నారే, ఆ అడుగులు ఎక్కడున్నాయో చెప్పనా? గోడకి అవతల, మీ వాటాలో, మీరు అద్దెకిచ్చిన కొండలరావు గారి రొయ్యల మేత బస్తాల కింద ఉన్నాయి. జెట్ విమానాలకి నిలబడే చోటు కొలిచి ఇస్తారని, అందుకే పైకి వంచుతారని మీరే రాశారు. నాకూ కొలిచే ఇచ్చారు మావయ్యా. పక్కకి జాగా లేకే పైకి వంచుతున్నాను. పేపర్లో ఫొటో కోసం కాదు.

మీరు ఆ గోడౌన్ ముఖం చూసి ఎన్నేళ్లయింది? అందులో ఏం పడుతుందో ఏం పట్టదో తెలియకుండా గుడివాడలో కూర్చుని నా రెక్కలు పొడుగు చేస్తున్నారు.

నువ్వుల నూనె రాశాను. కాస్త నయం.

శ్రీలలిత.


గుడివాడ,
16 డిసెంబర్ 2024.

శ్రీలలితకి,

ఇదన్నమాట సంగతి. విమానం, కొమ్ములు, కరెంటు తీగలు, అన్నీ తిరిగి తిరిగి చివరికి గోడ దగ్గరికి వచ్చాయి. ఈ ఉత్తరం నువ్వు రాసిందా, మీ అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే రాసిందా? "అడగరులే" అన్న మాట నాదాకా చేరాలనే రాశావని ఇప్పుడు అర్థమైంది.

ఆ గోడ నేనే కట్టించాను. కావాలనే కట్టించాను. మీ తాతయ్య పోయిన నెల తిరక్కుండానే, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని మీ అమ్మ పదిమందిలో నన్ను నిలదీసింది. అన్నయ్య దగ్గర ఉంటే పోతుందా అనలేదు. నా వాటా నాకు చూపించమంది. చూపించాను, ఇటుకతో. అప్పుడు అడిగినవాళ్లు ఇప్పుడు ఇరుకని ఏడిస్తే నేనేం చెయ్యను?

నా వాటా కావాలంటే ఆ మాట తిన్నగా అడగాలి. మేనకోడల్ని విమానం ఎక్కించి పంపితే మేనమామ మెత్తబడి కాగితాల మీద సంతకం పెడతాడనుకున్నారు కాబోలు. కొమ్ములు పెట్టుకో, తోకలు పెట్టుకో, గంటలు కట్టుకో. నేను రాను, నీ విమానం తడమను. నాకు ఉత్తరాలు రాయకు.

శేషాచలం.


మచిలీపట్నం,
18 మార్చి 2025.

మావయ్య గారికి,

రాయకన్నారు. ఇదొక్కటీ రాసి మానేస్తాను.

మీ ఉత్తరాలు గానీ నా ఉత్తరాలు గానీ అమ్మ చూడలేదు. గోడ సంగతి మీకు రాశానని తెలిస్తే నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు. నేను మీ వాటా అడగలేదు. ఎందుకు కుదరదని మీరు అడిగారు, ఎందుకో చెప్పాను. ఒక మనిషి ఉన్న సంగతి ఉన్నట్టు రాయగలదని నమ్మడానికి మీకు ఎంత కష్టమైందో చూస్తే జాలేసింది.

ఇప్పుడు మీకు సంతోషం కలిగించే వార్త. కొమ్ములు వచ్చాయి. ఒక్కొక్కటీ నేను చెప్పిన బరువుకి మూడింతలుంది. అమానుల్లా గారిని అడిగితే, "ఆడపిల్లవి కదమ్మా, ఒక్కదానివే ఆకాశంలో తిరుగుతావు, పల్చగా చెయ్యడానికి మనసొప్పలేదు. నడిసముద్రంలో పడవకి వేసినట్టు ఇంకో నాలుగు పొరలు వేశాను" అన్నారు. ఆ ప్రేమకి ఏమనగలను? అవే బిగించి కోడూరు బీడులో నేల మీదే వేగంగా పరిగెత్తించి చూశాను. సగం దూరం కూడా పోకముందే రెక్క చివర్లు ఊగడం మొదలుపెట్టాయి. మీరు చెప్పిన బిందె గుర్తొచ్చింది. వెంటనే ఆపాను. దిగి చూస్తే ఎడమ కొమ్ము అతుకు దగ్గర వెంట్రుకంత పగులు. గాలిలో అయ్యుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

విమానాన్ని మళ్లీ గోడౌన్‌కి చేర్చి, కొమ్ములు విప్పి మూలన పడేశాను. మీరు గెలిచారు. అయితే మీరు గెలిచింది బరువు దగ్గర. సరైన బరువుతో ఉంటే ఎంత ఎక్కించేవో మీకూ తెలియదు, నాకూ తెలియకుండానే పోయింది. మళ్లీ చేయించే ఓపిక లేదు.

ఏప్రిల్ పదమూడు, ఆదివారం పొద్దున పొట్టి రెక్కతోనే ఎగురుతున్నాను. ఒక్కదాన్నే కాబట్టి తీగలు దాటుతాననే లెక్క తేలింది, కాస్త అటూ ఇటూగా. మీరు సరే అంటేనే ఎగురుతానని మొదట్లో రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ మీద కోపంతో కాదు. ఎవరూ రానప్పుడు ఎవరికోసమని ఆగాలి?

అత్తయ్యని అడిగానని చెప్పండి.

శ్రీలలిత.


అవనిగడ్డ,
31 మార్చి 2025.

శ్రీలలితా,

పైన ఊరి పేరు చూసి కంగారుపడకు. కొమ్ములు ఉన్నంతకాలం రానన్నాను. కొమ్ములు పోయాయని నువ్వే రాశావు. నేను మాట తప్పలేదు.

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్య రెండురోజులు నాకు మంచినీళ్లు కూడా చేత్తో ఇవ్వలేదు, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అందుకని వచ్చాననుకోకు. "కాస్త అటూ ఇటూగా" అన్నావే, ఆ మాట చదివి వచ్చాను. పాతికేళ్ల నౌకరీలో ఆ మాట అన్న పైలెట్లని చూశాను. అందరూ తెలివైనవాళ్లే. ఇద్దరి ఇళ్లకి నేనే వెళ్లి చెప్పాల్సి వచ్చింది.

ముందు కోడూరు వెళ్లాను. చలపతిరావు బీడంతా తిప్పి చూపించాడు. నువ్వు రాసిన తీగలు చూశాను. అన్నిటికంటే పైన సన్నటి తీగ ఇంకొకటి ఉందని నువ్వు రాయలేదు, బహుశా కిందివాటినే చూసుంటావు. ఏప్రిల్ ఎండలో గాలి పలచబడి ఉన్నప్పుడు ఆ పొట్టి రెక్కతో నువ్వు వాటి మీదుగా పోవు, వాటిలోకి పోతావు. చలపతిరావు నన్ను గట్టు మీద కూర్చోబెట్టి సోడా తాగించాడు. ఇది ఎవరికీ చెప్పకు. పదమూడో తారీఖు ఎగరడం లేదు నువ్వు. నేను సరే అంటే ఎగురుతానన్నావు, నేను సరే అనడం లేదు. మాట వెనక్కి తీసుకోవడం నీ ఇష్టమైతే, పట్టుకుని తిరిగి ఇవ్వడం నా ఇష్టం.

అక్కణ్ణుంచి గోడౌన్‌కి వచ్చాను. కొండలరావు బస్తాలన్నీ వెనక వరండాలోకి మార్పించాను. ఏడుపుముఖం పెట్టాడు. పెట్టుకోనీ. గోడ నా వాటా వైపు నుంచి పడగొట్టించాను. మీ అమ్మ వాటా వైపు ఇటుక ఒక్కటి కూడా ముట్టుకోలేదు, అటువైపు పడ్డవి వాటంతటవి పడ్డాయి. మట్టి పడకుండా నీ విమానం మీద ముందే టార్పాలిన్ కప్పించాను, గోడకి మొదట చిన్న కంత పెట్టించి అందులోంచి మనిషిని పంపి. దుమ్ము తగ్గాక అదంతా తీసి చూశాను.

బాగా కట్టావు. ఆ మాట ఒక్కసారే రాస్తాను, మళ్లీ మళ్లీ అడక్కు.

ఇక తిట్లు. ఎడమ రెక్క వెనకంచున పైకీ కిందికీ ఆడే ఐలరాన్ బోల్టుకి కాపలా తీగ తప్పు దిక్కున చుట్టావు. బోల్టు వదులవబోతే తీగ దాన్ని బిగించేవైపు లాగాలి. నువ్వు చుట్టినట్టు చుడితే దాంతోపాటు తీగ కూడా వదులై చక్కగా చూస్తూ కూర్చుంటుంది. పాలిటెక్నిక్‌లో పిల్లలకి పాఠం చెబుతున్నావట. విప్పి మళ్లీ చుట్టాను. కుడివైపు సరిగ్గానే ఉంది, అంటే నీకు తెలియక కాదు, తొందర. తొందరెందుకో నాకు తెలుసు. నా మీద పంతానికి ఆ తారీఖు పెట్టావు. నా మీద పంతం పడితే ఉత్తరంలో తిట్టు, నీకు బాగానే వచ్చు. విమానం మీద చూపించకు.

అమానుల్లా కొమ్ములు మూలన కనిపించాయి. ఎత్తి చూశాను. ఒకదాన్ని గాలికి తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టించాను. ఇంతకంటే మంచి ఉపయోగం చిన్న విమానం కొమ్ముకి ఇంకొకటి ఉందని నేననుకోను.

ఇప్పుడు నీకు యాభై రెండు అడుగులుంది. ఇరవై ఎనిమిది అడుగుల రెక్క మొదలుపెట్టు. శనివారాలు నేను వస్తాను. రివెట్లు నువ్వు కొట్టు, నేను కుర్చీ వేసుకుని కూర్చుని వంకలు పెడతాను. వానలు పోయి గాలి చల్లబడ్డాక ఎగురుదువుగాని.

ఒక చిక్కు మిగిలింది. గోడ పోయాక ఎవరి వాటా ఎక్కడిదాకానో ఇక్కడెవరికీ తెలియడం లేదు. మీ అమ్మ వచ్చి చూసుకోవాలి. ఇక రెండు తాళాలెందుకు, నా వైపు తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంచుకోమను. మోకాళ్లు నొప్పి అంటే కారు పంపుతాను.

నేను అడిగానని చెప్పు.

మీ మావయ్య,
శేషాచలం.